జావమ్మ పిలుపు

ఊళ్ళోని జంతుప్రదర్శనశాల వంటగదిలో ఇరవై రెండేళ్ళు పనిచేసిన ఆమెను అందరూ జావమ్మ అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలో భద్రంగా ఉండేది, దానితో ఎవరికీ పని పడలేదు. పొద్దున ఆరింటికల్లా ఆమె పొయ్యి వెలిగించాలి. దుంపలు ఉడకేయాలి, గుమ్మడికాయలు ముక్కలు కొట్టాలి, కోతులకు పళ్ళు తరగాలి, ఎలుగుబంట్లకు పిండీ గుడ్లూ తేనే కలిపి జావ కాచాలి. గోడవారన వరసగా రేకు బకెట్లు, ఒక్కోదానిమీద ఎర్రరంగుతో ఒక్కో జంతువు బొమ్మ. ఆ బొమ్మలు వేసిన పెయింటరుకి తాబేలైనా ముంగిసైనా ఒకటే. అందుకని ఏ బకెట్టు ఎవరిదో జావమ్మకు తప్ప ఇంకొకరికి తెలిసేది కాదు. ఆమె సెలవు పెట్టిన రోజున జింకల మేత కుందేళ్ళకీ, కుందేళ్ళ మేత నెమళ్ళకీ చేరేది.

ఒకరోజు అటవీశాఖ జీపు ఒక అట్టపెట్టె తెచ్చి వంటగది గుమ్మంలో దింపింది. తల్లి ఎలుగుబంటిని రోడ్డుమీద లారీ గుద్దేసిందట. పెట్టెలో దోసెడు నల్లటి బొచ్చు, ఇంకా సరిగ్గా తెరుచుకోని రెండు కళ్ళు. రెండు గంటలకోసారి పాలు పట్టాలన్నారు. అలాంటి పని ఎవరి డ్యూటీలోకీ రాదు కాబట్టి జావమ్మే దాన్ని తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, జావమ్మా, ఆమె ఆడపడుచూ. జావమ్మ భర్త పోయి అప్పటికి ఏడాది. ఆడపడుచు ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. చేతిలో ఎప్పుడూ కత్తెర, నోట్లో అంతకంటే పదునైన కత్తెర. వీధిలో అందరికీ ఆమె పేరు అదే. తువ్వాలు విప్పి చూసి ఆమె, "మా అన్న పోయి ఏడాది తిరగలేదు, అప్పుడే ఇంకో మొగాణ్ణి ఇంట్లోకి తెచ్చావా వదినా?" అంది. ఆ మాట అంటూనే పాత దుప్పటి కత్తిరించి బుట్టలో పరుపు కుట్టి పెట్టింది. పేరు కూడా ఆవిడే పెట్టింది, మసిబుడ్డి అని.

మూడు నెలలు మసిబుడ్డి పొయ్యివెనక బుట్టలో పెరిగింది. కడుపు నిండితే ముందుకాలు నోట్లో పెట్టుకుని, తేనెతుట్టె దగ్గర వినిపించేలాంటి రొదతో చప్పరించేది. ఆకలేస్తే బుట్ట దొర్లించుకుని వచ్చి జావమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకునేది. పిల్లల్లేనావిడకి ఎలుగుబంటే పిల్ల అయిందని ఇరుగుపొరుగు అనుకునేవారు. జావమ్మకి అలా అనిపించలేదు. దానికి ఆకలేస్తుంది, తను పెడుతుంది, పెడితే అది తింటుంది. ఇంత సులువుగా జరిగే పని ఆమె జీవితంలో ఇంకొకటి లేదు, అంతే. గిన్నె పట్టుకుని "బుడ్డీ... బుబుబూ..." అని పెదాలు ఆడిస్తే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది.

మూడు నెలల తర్వాత దాన్ని ప్రదర్శనశాలలో బోనులో పెట్టారు. తొమ్మిదేళ్ళు ఆ బోనులోనే పెరిగింది. ఛాతీమీద తెల్లటి గుర్తు, వేళ్ళంత పొడుగు గోళ్ళు, నిలబడితే జావమ్మకంటే జానెడు ఎత్తు. బోను పొడవు పదహారు అడుగులు. ఆ పదహారు అడుగుల మధ్య నిలబడి అది రోజంతా తల అటూ ఇటూ ఊపుతూ ఉండేది. చూడవచ్చిన పిల్లలు డాన్సు చేస్తోందని సంబరపడేవారు. జావమ్మ మాత్రం ఆ ఊపు చూడలేక, గిన్నె పెట్టేసి మొహం తిప్పుకునేది.

తర్వాత ఆ ప్రదర్శనశాల మూతపడింది. జంతువుల్ని తలోచోటికీ పంపించేశారు. ఎలుగుబంట్లను ఎక్కడో దూరాన ఉన్న రక్షిత అడవికి పంపుతారని, అక్కడ మెల్లమెల్లగా అడవి అలవాటు చేసి స్వేచ్ఛగా వదిలేస్తారని చెప్పారు. జావమ్మ ఆడపడుచుని కూర్చోబెట్టి మసిబుడ్డి సంగతులన్నీ ఒక నోటుపుస్తకంలో రాయించింది. జావ గోరువెచ్చగా ఉండాలి, ఉప్పు తగలకూడదు, ఉరుములొస్తే మూలకి చేరుతుంది, అప్పుడు పక్కన ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి. నలభై పేజీలైంది. చెయ్యి నొప్పెట్టి కత్తెర ఎన్ని విసుర్లు విసిరినా ఒక్క ముక్క వదలకుండా రాసింది. మసిబుడ్డితోపాటు పంపమని జావమ్మ ఆ పుస్తకాన్ని ఆఫీసులో ఇచ్చింది.

పంపించే తేదీ మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ వారంలోనే ఆడపడుచుకి గర్భసంచి ఆపరేషన్ అయింది. ఆసుపత్రిలో నాలుగురోజులుండి జావమ్మ పనికి వెళ్ళేసరికి బోను తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరో పైపుతో కడుగుతున్నారు. ఆమె వంటగదిలోకి వెళ్ళి, ఆ రోజు అవసరం లేని జావ కాచి, చల్లారేదాకా చూసి పారబోసింది.

తరువాత రెండేళ్ళు ఆమె ఒక హాస్టల్లో అంట్లు తోమింది. మనిషి సగమైపోయింది. తనవల్లే వదిన దాన్ని కడసారి చూసుకోలేకపోయిందని కత్తెర మనసులో పీకుతూ ఉండేది. ఆవిడ తప్పు ఒప్పుకునే రకం కాదు. ఒకరోజు హఠాత్తుగా మిషనుమీద గుడ్డ కప్పేసి, ఆ అడవికి టూరిస్టులని కూడా రానిస్తున్నారట, ఊరికే చెట్లూ పిట్టలూ చూసి వద్దాం పద, అంది.

రైల్లో ఒకటిన్నర రోజు, బస్సులో అరపూట. దిగేసరికి ఒళ్ళంతా చెమట, గాలిలో నీళ్ళు వేలాడుతున్నట్టుంది. గేటు దగ్గర వరసగా గదులు, రేకుల కప్పులమీద నాచు. పొద్దున జీపు ఎక్కించి లోపలికి తీసుకెళ్ళారు. చెట్లు ఎంత ఎత్తంటే ఆకాశం చిల్లుల్లో కనిపిస్తోంది. చెట్టుమీద చెట్టు, కొమ్మమీద తీగ, తీగమీద పువ్వు, ఎక్కడా ఖాళీ అనేది లేదు. తలమీదుగా పెద్ద పక్షుల జంట ఒకటి రెక్కల చప్పుడుతో పోతే, అమ్మో ఎవరో గోనెసంచి దులుపుతున్నారనుకున్నానంది కత్తెర. కుక్కంత ఉడత కొమ్మకి అడ్డంగా పడుకుని తోక కిందికి వేలాడేసింది. మడుగు ఒడ్డున మొసలి నోరు తెరుచుకుని ఎండ కాగుతోంది. తడి ఆకులమీద కాలు పెడితే చాలు, జలగలు పాదాల మీదికి పాకేవి. కత్తెర ఒక్కో జలగనీ పీకి, దానికి తన దగ్గర జాకెట్టు కుట్టించుకునేవాళ్ళలో ఒకావిడ పేరు పెట్టి విసిరేసింది. జావమ్మ చాలా నెలల తర్వాత నవ్వింది.

కానీ ఆమె కళ్ళు దేన్నీ సరిగ్గా చూడలేదు. నల్లగా ఏ మోడు కనిపించినా అక్కడే ఆగిపోయేవి. జీపు నడిపే అతను అది గమనించి ఏం వెతుకుతున్నారని అడిగాడు. ఎలుగుబంటి అని చెప్పింది. అవి మనుషుల కంట పడవు, పదేళ్ళలో తను మూడుసార్లు చూశాడంతే అన్నాడు. కత్తెరకి నోరు ఆగలేదు. మా వదిన పెంచిన ఎలుగుబంటి మీ అడవిలోనే ఉందని మొదలుపెట్టి, బుట్టలో పరుపు దగ్గరనుంచి అంతా చెప్పేసింది.

ఆ సాయంత్రం ఎలుగుబంట్ల బాధ్యత చూసే డాక్టరమ్మ తనంతట తనే వాళ్ళ గదికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, మోకాళ్ళదాకా బురద, చేతిలో ఆ నోటుపుస్తకం. అట్ట ఊడిపోయి టేపులు అంటించి ఉంది.

"జావమ్మగారంటే మీరేనా?" అంది. "మిమ్మల్ని చూడకుండానే రెండేళ్ళుగా మీతో మాట్లాడుతున్నాను నేను."

మసిబుడ్డిని కంచె లోపల ఏడాదికి పైగా ఉంచారు. మనిషి కనపడకుండా, మనిషి గొంతు వినపడకుండా మేత పెట్టారు. మెల్లగా మేత తగ్గించి చెదపుట్టలు తవ్వడం అలవాటు చేశారు. తల ఊపడం మానడానికి ఏడు నెలలు పట్టింది. ఎనిమిది నెలల కిందట మెడకి జాడ తెలిపే పట్టీ కట్టి అడవిలో వదిలారు. ఇప్పుడు దాని బతుకు అది బతుకుతోంది. ఇదంతా చెబుతుంటే డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. ఇక్కడికి వచ్చిన ఆరింటిలో అంత బాగా నిలదొక్కుకున్నది అదొక్కటే.

చూడటానికి వీల్లేదని నిబంధన. అయినా కాసేపు ఆలోచించి ఆమె, రేపు పొద్దున మంచెమీదికి తీసుకెళతానంది. ఆ వైపు అది వస్తోందట. "ఒకటే మాటమ్మా. గొంతు విప్పకూడదు. దగ్గు వచ్చినా కొంగు నోట్లో కుక్కుకోండి. అది మిమ్మల్ని మరిచిపోవడానికే ఇంత కష్టపడ్డాం."

జావమ్మ ఒట్టు పెట్టింది.

మర్నాడు ముగ్గురూ మంచె ఎక్కి కూర్చున్నారు. రెండు గంటలు గడిచాక కింద పొదల్లోంచి ఉఫ్ ఉఫ్‌మని ఊదుతున్న చప్పుడు, వెంటనే గటగటా పీల్చే చప్పుడు. పుట్టలో దుమ్ము ఊదేసి చెదల్ని పీల్చుకుంటోందని డాక్టరమ్మ చేతులతో సైగ చేసి చూపించింది. ఆకులు కదిలాయి. మసిబుడ్డి బయటికి వచ్చింది.

బోనులో మాసిన గోనెపట్టాలా ఉండే ఒళ్ళు ఇప్పుడు నిగనిగలాడుతోంది. పొట్ట తగ్గింది, భుజాలు బలిసాయి. ఒక చెవి చిరిగి మానింది. దేనితోనో కొట్లాడి గెలిచి ఉంటుంది. రాయిలాంటి పుట్టని రెండు దెబ్బల్లో బద్దలుకొట్టి, తల లోపలికి దూర్చి, మళ్ళీ ఊదడం, మళ్ళీ పీల్చడం. తల ఒక్కసారి కూడా ఊగలేదు. జావమ్మ కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. కత్తెర ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అరగంట అలా చూశాక జావమ్మ లోపల ఏదో మెల్లగా మారింది. ఆ మార్పు ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు. దానికి తన అవసరం లేదు. అలా జరగాలనే కదా రెండేళ్ళూ కోరుకుంది. కానీ కోరుకోవడం వేరు, కళ్ళముందు చూడటం వేరు. మసిబుడ్డి పుట్ట ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, వెనక్కి తిరిగింది. పొదలు దాని నడుం దాకా మింగేశాయి. ఇంక ఈ జన్మలో తను దాన్ని చూడబోదు.

"బుడ్డీ... బుబుబూ..." అంది జావమ్మ.

గట్టిగా కూడా అనలేదు. గాలికి ఆకు కదిలినంత. ఎందుకు పిలిచావని తర్వాత ఎందరు అడిగినా, తనని తాను ఎన్నిసార్లు అడుక్కున్నా, ఆమె చెప్పగలిగింది ఒక్కటే. పెదాలు కదిలాయి, అంతే.

పొదలు ఆగిపోయాయి. మసిబుడ్డి ఇటు తిరిగి వెనక కాళ్ళమీద లేచి నిలబడింది. ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. పరుగు పరుగున వచ్చి మంచె కింద కూర్చుంది. మొహం పైకెత్తి చూస్తూ తల అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మ కేకలేయలేదు. రెండు చేతుల్లో మొహం దాచుకుని అలాగే ఉండిపోయింది.

విసిగి వెళ్ళిపోతుందేమోనని మూడు గంటలు చూశారు. అది కదల్లేదు. చివరికి డాక్టరమ్మ తల ఎత్తి, జావమ్మ కళ్ళలోకి చూడకుండా అంది. "మీరే తరమాలి. మీ గొంతంటే దానికి భయం పుట్టాలి. తిట్టండి, ఏదైనా విసరండి."

జావమ్మ లేచి నిలబడింది. ఫో అంది. మళ్ళీ అరిచింది. తన నోట ఎన్నడూ రాని మాటలతో తిట్టింది. నీళ్ళసీసా విసిరింది, అది దాని వీపుకి తగిలి పక్కకి దొర్లింది. కాలి చెప్పు తీసి గురిచూసి కొట్టింది. మసిబుడ్డి ఆ చెప్పు వాసన చూసి, రెండు ముందుకాళ్ళతో ఎత్తి ఛాతీకి అదుముకుని, గోళ్ళు నోట్లో పెట్టుకుని, చిన్నప్పటి ఆ రొదతో చప్పరించడం మొదలుపెట్టింది. అది చూసి కత్తెర వదిన భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

కబురందుకుని వచ్చిన అటవీ గార్డులు టపాకాయలు పేల్చారు. మూడోసారికి అది బెదిరి పారిపోయింది. జావమ్మ ఒంటి చెప్పుతో మంచె దిగింది. వాళ్ళని ఆ మధ్యాహ్నమే బస్సెక్కించారు. డాక్టరమ్మ బస్సుదాకా వచ్చింది కానీ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదని జావమ్మకి దారంతా అనిపించింది.

నెలన్నర తర్వాత డాక్టరమ్మ ఫోను చేసింది. మసిబుడ్డి ఆ రోజునుంచీ అడవి లోపలికి పోవడం మానేసిందట. మంచె కిందే తిరిగింది, తర్వాత గేటు దగ్గరికి, ఆ తర్వాత ఊరి వైపు. ఎక్కడ ఆడగొంతు వినిపిస్తే అక్కడికి. పోయిన వారం అడవి అంచున పుట్టగొడుగులు ఏరుకునే ఒకామెను గాయపరిచింది. ఆమె బతికింది, ఒక కన్ను పోయింది. కాల్చేయాలని కొందరు, వద్దని కొందరు. చివరికి మత్తు ఇచ్చి పట్టుకుని, జబ్బుపడ్డ జంతువుల కోసం కట్టిన బోనులో పెట్టారు. ఇక దాన్ని బయటికి వదలరు. ఆరురోజులుగా అది ఏమీ తినడం లేదు.

"మీరొస్తే తింటుందేమో," అంది డాక్టరమ్మ. "రమ్మని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. రాకపోయినా ఏమీ అనుకోను," అంది.

కత్తెర మిషను ఆపేసి ఫోనులో మాటలన్నీ వింది. ఆ పూటంతా ఒకే జాకెట్టు కుట్టు విప్పుతూ, మళ్ళీ కుడుతూ కూర్చుంది. సాగనంపడానికి రైలు దగ్గరికి వచ్చినప్పుడు, "నేనే కదా వదినా పోదామన్నది," అంది. జావమ్మ కాదని చెప్పింది. పిలిచింది తనే కదా అని చెప్పబోయి, సంచీ అందుకుని రైలెక్కేసింది.

ఈసారి ఆమె ఒంటరిగానే వెళ్ళింది. బోను గేటు దగ్గరి గదుల వెనకపక్క ఉంది, సిమెంటు నేల, ఇనప ఊచలు, పన్నెండు అడుగులు. మసిబుడ్డి గోడవైపు మొహం పెట్టి పడుకుని ఉంది. ఎముకలు బయటపడ్డాయి. జావమ్మ అక్కడి గ్యాసుపొయ్యిమీద జావ కాచి, ముంజేతిమీద చుక్క వేసుకుని వేడి చూసి, గిన్నె ఊచల దగ్గర పెట్టి కూర్చుంది. పిలవలేదు. గంట గడిచాక అది వాసన పట్టి, ఈడ్చుకుంటూ వచ్చి తాగింది. గిన్నె ఖాళీ అయ్యాక ఆమె చీర అంచుమీద మూతి ఆనించింది.

డాక్టరమ్మ గోడచాటున నిలబడి చూసింది. ఆమె మీద విచారణ జరుగుతోందని, బదిలీ చేస్తారని జీపు నడిపే అతను చెప్పాడు. జావమ్మ ఆ సంగతి ఎత్తితే, అది మీరు పట్టించుకోవాల్సిన విషయం కాదమ్మా అని కొట్టిపారేసింది. బోనులో ఎలుగుబంట్లు ఎన్నేళ్ళు బతుకుతాయని జావమ్మ అడిగింది. బాగా చూసుకుంటే ముప్పై దాకా అని చెప్పింది. మసిబుడ్డికి పదకొండు. జావమ్మకి యాభై ఎనిమిది. డాక్టరమ్మ కూడా మనసులో ఆ లెక్కే వేసుకుందేమో, మాట మార్చేసింది.

జావమ్మను అక్కడే పనిలోకి తీసుకున్నారు. బోను పక్కన ఒక గది ఇచ్చారు. ఒకప్పుడు ఇలాంటి గది, ఇలాంటి పని ఎవరైనా ఇస్తామంటే ఎగిరి గంతేసేది. ఇప్పుడు పొద్దున లేస్తూనే వినిపించేది తల ఊపుతున్నప్పుడు మెడపట్టీ ఊచలకి తగిలే చప్పుడు. పట్టీ అవసరం ఇక లేదని తీసేశాక, గోళ్ళు సిమెంటుమీద గీసుకునే చప్పుడు. టూరిస్టు జీపులు తిరుగుదారిలో అక్కడ ఆగడం మొదలైంది. అడవిలో ఎక్కడా కంటపడని ఎలుగుబంటి ఇక్కడ తప్పకుండా కనిపిస్తుంది. ఫొటోలు తీసుకుని, డాన్సు చేస్తోంది చూడు అని పిల్లలకి చూపించేవారు.

నాలుగు వారాలు ఆమె పుట్టగొడుగులామెను చూడటానికి వెళ్ళలేకపోయింది. రోజూ రేపు అనుకునేది. చివరికి ఒక మధ్యాహ్నం, మసిబుడ్డి నిద్రపోతున్నప్పుడు, దారి అడుక్కుంటూ వెళ్ళింది.

ఒంటిగది ఇల్లు. గుమ్మంలో ఎండబెట్టిన పుట్టగొడుగులు, పాతవి, పురుగు పట్టినవి. ఆమెకి ముప్పై అయిదు దాటి ఉండవు. మొహంలో ఒక సగం కట్టు కింద ఉంది, కట్టు దాటిన చోట ఎర్రగా, ముడతలుగా కుట్లు. నాలుగేళ్ళ కూతురు మేనత్త చంక దిగకుండా తల్లికి వీపు పెట్టి కూర్చుంది. ఎలుగుబంటికి మేత పెట్టే మనిషినని జావమ్మ చెప్పుకుంది. ఆమె చాప చూపించింది.

అడక్కుండానే ఆమె చెప్పడం మొదలుపెట్టింది. బహుశా వచ్చిన ప్రతివాళ్ళకీ అలాగే చెబుతోందేమో. ఆ రోజు కూతురికి వినపడేలా కూనిరాగం తీస్తూ పుట్టగొడుగులు ఏరుతోంది. పిల్ల కాస్త దూరంలో గట్టుమీద ఉంది. ఎలుగుబంటి పొదల్లోంచి వచ్చి ఎదురుగా కూర్చుంది. మీదికి రాలేదు, అరవలేదు.

"ఇంట్లో పెంచుకున్న కుక్కలా కూర్చుందమ్మా. తల ఊపుతూ నా మొహంలోకే చూసింది. ఏదో పెడతాననుకున్నట్టు. నేను బెదిరిపోయి కొడవలితో మూతిమీద కొట్టాను. కొట్టకపోతే ఏమీ చేసేది కాదేమో. కానీ పిల్ల అక్కడుంది కదా, నేనేం చెయ్యను?" అంది.

అందరూ తనదే తప్పంటున్నారని, కొట్టకుండా మెల్లగా వెనక్కి రావాల్సిందని గార్డులు కూడా అన్నారని చెప్పింది. పిల్ల తన మొహం చూడటం లేదని, అన్నం తినిపించబోతే కళ్ళు మూసుకుంటోందని చెప్పింది. ఆ మాట దగ్గర మాత్రం ఆమె కట్టు అంచు వేళ్ళతో తడుముకుంది.

జావమ్మ కళ్ళు చాపమీదే పెట్టుకుని, ఉన్నదంతా చెప్పింది. బుట్ట సంగతి, నోటుపుస్తకం సంగతి, మంచెమీద తను ఇచ్చిన మాట, తప్పిన మాట. అది మీ దగ్గర అలా కూర్చున్నది నా కోసం అని చెప్పింది. తప్పు మీది కాదు, మీరు కొట్టడంలో ఏ తప్పూ లేదు, అంతకుముందే అంతా నేను చేసేశాను అని చెప్పింది. ఇంతకాలం ఈ మాట ఎవరికైనా చెప్పుకుంటే గుండె బరువు కొంచెమైనా తగ్గుతుందనుకుంది. తగ్గలేదు. మాటలు అయిపోయాయి, అంతే.

పుట్టగొడుగులామె పిల్ల వీపు వైపు ఒకసారి చూసింది. తిట్టనూ లేదు, లేచి పొమ్మననూ లేదు. ఒక్క కన్నుతో ఈమెనే చూసింది.

"మీరు పిలవకపోయి ఉంటే, అది నా దగ్గరికి వచ్చేది కాదు కదా?"

"తెలియదమ్మా. వచ్చేది కాదనే అనుకుంటున్నాను."

"అనుకోవడం కాదు. నాకు తెలియాలి. రాత రాసి ఉంటే ఎవరు పిలవకపోయినా ఆ రోజు అది నా మీదికి వచ్చేదని మా ఆడపడుచు అంటోంది. మీరేమో మీ వల్లే అంటున్నారు. ఏదో ఒకటి అయితే దాన్ని పట్టుకుని పడి ఉంటాను. మీరు దాన్ని పెంచినవాళ్ళు. తెలుసుకుని చెప్పండి."

మేనత్త పిల్లని భుజంమీద వేసుకుని బయటికి పోయింది. ఆ పోయేటప్పుడు పిల్ల మేనత్త భుజంమీంచి తలెత్తి జావమ్మ వైపు చూసింది. కళ్ళు మూసుకోలేదు. ఆ చూపు తల్లికి దక్కనిదని తెలిసి జావమ్మే తల దించుకుంది.

తిరిగొచ్చాక ఆమె డాక్టరమ్మని అదే మాట అడిగింది. డాక్టరమ్మ అబద్ధం చెప్పి ఊరడించే మనిషి కాదు. కాగితాలు తిరగేసి, మెడపట్టీ చూపించిన జాడలన్నీ చూసి, పిలుపుకి ముందు ఎనిమిది నెలల్లో అది ఊరి వైపు ఒక్కసారి వచ్చిందని, మనిషి అలికిడికే వెనక్కి పోయిందని చెప్పింది. ఇంకో ఏడాది పోతే ఏమయ్యేదో మాత్రం ఎవరూ చెప్పలేరంది. జావమ్మ జీపు నడిపే అతన్నీ, ఒక ముసలి గార్డునీ కూడా అడిగింది. ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు.

వానలు మొదలయ్యేసరికి డాక్టరమ్మకి బదిలీ కాగితం వచ్చింది. వెళ్ళేటప్పుడు నోటుపుస్తకం జావమ్మ చేతిలో పెట్టి, కొత్తగా వచ్చేవాళ్ళకి ఇవ్వమంది. కొత్త డాక్టరు దాన్ని బల్లమీద పెట్టించుకున్నాడు కానీ తెరిచి చూసిన గుర్తు లేదు. కత్తెర రెండుసార్లు వచ్చి, ఇంటికి రమ్మని బతిమాలి, నోరు నొప్పెట్టేలా తిట్టి, రానని తెలుసుకుని వెళ్ళిపోయింది. రెండోసారి వచ్చినప్పుడు మిషను అమ్మేశానని, చూపు ఆనడం లేదని చెప్పింది.

ఉరుములొచ్చిన రోజుల్లో మసిబుడ్డి మూలకి చేరేది. జావమ్మ ఊచల ఇవతల కూర్చుని, వాన తగ్గేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. ఎక్కువగా పుట్టగొడుగులామెకి ఏం చెప్పాలనే మాట్లాడేది. ఒకరోజు అవునని చెప్పడానికి, ఇంకోరోజు కాదని చెప్పడానికి మాటలు కూర్చుకునేది. వాన వెలిశాక రెండూ అబద్ధంలాగే అనిపించేవి. ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు.